గిర్నీలో బుడ్డోడు

1

సిస్టర్ ఫిలోమిన నా చేతిలో ఒక పలక పెట్టింది. "సమ్మయ్య గారూ, పిల్లలకి తోడుగా వచ్చేవాళ్లు రోజూ చిట్టా రాయాలి. పిల్లవాడు ఎలా ఉన్నాడు, మీరేం చేశారు, అంతే."

"నేను ఏడో తరగతి తప్పిన సిస్టర్. నా రాత నాకే తిరిగి చదవరాదు."

"పర్లేదండీ. రాసినంతసేపూ నోరు మూసుకుని ఉంటారు కదా."

వచ్చిన పూటే నన్ను కనిపెట్టేసింది. ఇలాంటి మనిషితో ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి.

సరే, రాస్తున్నాను. పిల్లవాడు మా మేనకోడలు రజిత కొడుకు. పేరింకా పెట్టలేదు, బుడ్డోడు అంటున్నాం. లోపల ఇరుకనిపించిందేమో, రెండు నెలలు ముందే వచ్చేశాడు. వాడి నాయన ఓదేలు చంద్రుడి ధ్రువం దగ్గర మంచు తవ్వకంలో ఉన్నాడు. ఇప్పుడు చీకటి పక్షం, బండ్లు కదలవు. మళ్లీ పొద్దు పొడిచేదాకా అతనక్కడ, కొడుకిక్కడ. మా అక్క బతికి ఉంటే మనవడి దగ్గర తనే కూర్చునేది. లేదు గనక మేం కాపురాలుండే ఈ సొరంగంలో వాడికి మిగిలింది నేను. వాడి అదృష్టం ఎలాంటిదో అక్కడే తెలిసిపోతోంది.

బుడ్డోణ్ణి ఉంచిన వార్డు ఒక పెద్ద చక్రం. ఆగకుండా తిరుగుతుంది. తిరగడం వల్ల లోపల భూమ్మీదున్నంత బరువు పుడుతుంది. బోర్డు మీద దానికేదో బారెడు పేరుంది గానీ మా జనం గిర్నీ అంటారు, లోపలికి పోయినవాడు పిండై బయటికొస్తాడు కాబట్టి. నెలలు నిండని పిల్లల్ని మన తేలికలో పెంచితే ఛాతీ కండలు సోమరిపోతులై ఊపిరి తీయడం నేర్చుకోవట. బరువులో పడుకోబెడితేనే బుద్ధిగా పనిచేస్తాయట. నేను మీసం మొలిచాక చంద్రుడి మీదికి వచ్చినవాణ్ణి, ఎముకలు భూమివి. అయినా ఇన్నేళ్లు ఇక్కడ దూది పింజలా తిరిగి తిరిగి, ఇవాళ గిర్నీ లోపల అడుగు పెట్టగానే ఎవరో నా భుజాల మీదెక్కి కూర్చున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను కూడా.

వాణ్ణి చూశాను. వెచ్చపెట్టెలో, ముక్కుకి గొట్టం, తలకి ఊలు టోపీ. మొహం నిండా ముడతలు. మా నాయన పోయేముందు అచ్చం ఇలాగే ఉండేవాడు, కాకపోతే ఆయన ఇంకాస్త అందగాడు. ఆ మాటే వాడికి చెప్పాను. నుదురు చిట్లించాడు. రోషం ఉంది, బతుకుతాడు.

2

ఈ పూట ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదని నేననుకున్నాను.

రజిత ఇక్కడే పుట్టిన పిల్ల. గిర్నీలో నడుముకీ మోకాళ్లకీ పట్టీలు బిగించుకుని, వాలుకుర్చీలో కూర్చుంటే తప్ప నిలవలేదు. అలా కూర్చునే గాజు గిన్నెలోకి పాలు పిండింది. గిన్నె అడుగున నాలుగు చెంచాలు ఉంటాయేమో, అందుకే ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. సిస్టర్ వచ్చి చెయ్యి చాపింది. రజిత ఆ గిన్నెని సిస్టర్ ముందు గాల్లో పెట్టి, నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అది మా సొరంగం మర్యాద. టీ గ్లాసైనా, పూలదండైనా, పసిపిల్లయినా ఎదుటివాడి ముందు గాల్లోకి కాస్త లేపి వదులుతాం. అది తూగుతూ దిగుతుంటే వాడు తీరిగ్గా అందుకుంటాడు. చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చామంటే నీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. ఒకసారి పెద్దమేస్త్రీకి తమలపాకులు చేతికందించానని వాళ్లావిడ నాతో ఏడాది మాట్లాడలేదు.

గిర్నీలో గాలికి మర్యాద తెలియదు. గిన్నె భళ్లున పగిలింది. పాలు నేల మీద పారాయి. పక్క పెట్టెలో పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది.

"ఏం పర్లేదమ్మా, మొదట్లో అందరూ చేస్తారు," అంది సిస్టర్, ముక్కలు ఊడుస్తూ. నిజంగానే అంది, మాటవరసకి కాదు.

రజిత వినలేదు. తన చేతుల వంక చూసుకుంటోంది, ఎవరివో తెచ్చి తనకి అతికించినట్టు. ఆ తర్వాత కుర్చీని పెట్టెకి దూరంగా జరుపుకుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"ఏందే? గిన్నె వలిగితే ఏమైతది? ఇంకోటి తెస్తరు."

"గిన్నె గాబట్టి ఏం గాలే మామా. రేపు సిస్టర్ చెయ్యి చాపితే వాణ్ణి గూడ గట్లనే ఇస్త. నేను ఇయ్యాలనుకోను. నా చేతులే ఇస్తయ్."

"మరి వాణ్ణెవరు ఎత్తుకుంటరు?"

"నువ్వు ఎత్తుకో. నీ చేతులకు భూమి తెలుసు. నేను మాత్రం ముట్ట."

3

డాక్టర్ హసీనా వచ్చి నా ఛాతీని చూసి, "ఇది మొత్తం తీసేయాలి," అంది. గుండె ఆగినంత పనైంది. వెంట్రుకల సంగతట. ముప్పై ఏళ్లుగా పెంచుకున్న తోట, నిమిషంలో నున్నగా గొరిగేశారు. అద్దంలో చూసుకుంటే ఒలిచిన చిలగడదుంపలా ఉన్నాను.

సంగతేమిటంటే బుడ్డోడు మధ్యమధ్యలో ఊపిరి తీయడం మర్చిపోతున్నాడు. పెట్టె కనిపెట్టి కింద నుంచి తట్టి లేపుతుంది. కానీ పెట్టె తట్టుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కదా, వాడికి అలవాటైపోయి లెక్కచేయడం మానేస్తున్నాడట. అదే మనిషి ఛాతీ మీద పడుకుంటే కింద ఇంకో ఊపిరి నడుస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకుని వాడిదీ నడుస్తుంది. దాన్ని ఇక్కడ గుండెపక్క అంటారు. తల్లిదైతే మంచిది. తల్లి చేతులు తొడల కింద ఉన్నాయి కాబట్టి ఈ చిలగడదుంప దొరికింది.

నన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, వాణ్ణి నా మీద బోర్లా పెట్టి, మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కట్టింది సిస్టర్. అంత వెచ్చటి జీవి నా మీద ఇంతకుముందెప్పుడూ పడుకోలేదు. వాడి చెవి నా గుండె మీద ఉంది. వాడి అరచెయ్యి నా చొక్కా బొత్తం కంటే కాస్త పెద్దది, దాంతో నా చర్మాన్ని ఒక మడత పట్టుకున్నాడు. వదలడే!

ఒకసారి ఆగాడు. తెర మీద గీత చదునవకముందే నాకు తెలిసింది, ఛాతీ మీద చిన్న బరువు మాట్లాడడం మానేసినట్టు. నేను గట్టిగా ఊపిరి లాగాను. వాడు పైకి లేచి కిందికి దిగాడు. "ఒరేయ్, నువ్వు తియ్యకుంటే నేనూ తియ్యను, ఇద్దరం కలిసి పోదాం, ఇష్టమేనా?" అన్నాను. లటుక్కున తీశాడు. నాతో కలిసి పోవడమంటే వాడికి కూడా భయమే.

రజిత అటు మూల నుంచి చూస్తూనే ఉంది.

"ఎట్లున్నడు మామా?"

"నీ మొగుని లెక్కనే ఉన్నడు. పండుకోవడం తప్ప పనేం లేదు."

నవ్వుతుందనుకున్నాను. "ఏం వాసన వస్తున్నడు?" అని అడిగింది.

ఏం చెప్పను? పాలవాసన, స్పిరిట్ వాసన, కొత్త తోలు సంచీ వాసన, అన్నీ కలిపి. అలాగే చెప్పాను. కళ్లు మూసుకుని వింది.

4

పక్క పెట్టె పిల్లకి తండ్రి దిగాడు. బడిపంతులు. లోపలికొస్తూనే నా చిలగడదుంప ఛాతీని చూసి ముక్కు చిట్లించాడు. అక్కడితో అయిపోయాడు.

"కొత్తనా సార్? గిర్నీల ముందుకు నడుస్తే బరువంత తలకెక్కుతది. మేమంత ఎనకకు నడుస్తం," అన్నాను, బుడ్డోడి వీపు నిమురుతూ, ఎంతో పెద్దమనిషిలా. "పిల్ల పాలు గూడ మంచిగ అరుగుతయ్."

పాపం, మధ్యాహ్నం దాకా వెనక్కి నడిచాడు. తలుపు దగ్గర ట్రాలీని గుద్ది, డాక్టర్ గారికి వీపుతో నమస్కారం పెట్టాడు. సిస్టర్ ఫిలోమిన అతన్ని ఆపి కారణం అడిగి, నా వైపు తిరిగింది.

"సమ్మయ్య గారూ! మీ వయసెంతండీ?"

"గిర్నీలనా, బయటనా?"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. రజిత నవ్వింది. బిడ్డ పుట్టిన తర్వాత మొదటిసారి, భుజాలు కదిలేలా, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. మెడ వంచి భుజానికి తుడుచుకుంది.

ఆ భుజం చూశాక నాకు అన్నం దిగలేదు.

5

చేతులకి తెలియదంటోంది కదా, నేర్పితే సరి. నేర్పడం నాకు రాకపోవచ్చు గానీ వెంటపడి విసిగించడంలో నన్ను మించినవాడు ఈ సొరంగంలో లేడు.

ముందు స్టీలు గ్లాసుతో మొదలుపెట్టాను. "పట్టుకో. ఇగ నాకియ్యి." ఇచ్చింది, గాల్లో. టంగుమంది. మళ్లీ. టంగుమంది. "ఇడువకు. నా చెయ్యి నీ చెయ్యికి తాకినంక ఇడువు." తల ఊపింది. టంగుమంది. పెట్టెల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఉలిక్కిపడుతుంటే సిస్టర్ గ్లాసు లాక్కుపోయింది.

తువ్వాలు ఉండచుట్టి ఇచ్చాను. అదీ నేల మీదికే పోయింది. తువ్వాలు కాబట్టి చప్పుడు కాలేదు, కానీ రజిత మొహంలో అయింది.

అప్పుడు నా బుర్రకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. నాకు గొప్ప ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను కట్టేసి ఉంటే ఈపాటికి బాగుపడేవాణ్ణి. క్యాంటీన్లో బెల్లం ముదురు పాకం పట్టించాను. చీమలు లేని లోకం, భయమేముంది? ఒక గ్లాసుకి చుట్టూ పూసి, చొక్కాలో దాచి, గిర్నీలోకి తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాను. "ఇప్పుడియ్యి సూద్దాం!"

వదిలింది. గ్లాసు పడలేదు. అరచేతికి అతుక్కుని వేలాడింది. రెండో చేత్తో పీకబోతే రెండో చెయ్యీ అతుక్కుంది.

"సూసినవా? పడలే! నీ చేతులు ఇడువలే!" అని చప్పట్లు కొట్టాను.

ఆ పిల్ల నా వైపు చూసిన చూపు రాయాలంటే వేలు కదలడం లేదు.

"నా చేతులు నీకు ఆటనా మామా?"

"గది గాదు బిడ్డా..."

"అందరితోని ఆడినట్టె నాతోని గూడ ఆడుతున్నవ్. నేనీడ సస్తున్న."

ఈలోగా సిస్టర్ చూసింది. పసిపిల్లల వార్డులో బెల్లం పాకం! నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. వేడినీళ్లు తెచ్చి రజిత చేతులు కడిగి, కుర్చీలు కడిగి, నేల కడిగి, చివరికి నా గడ్డం కూడా కడిగించారు. డాక్టర్ హసీనా అరవలేదు. అరిస్తే బాగుండేది.

"సమ్మయ్య గారూ, ఇక్కడ ఉన్నవాళ్లలో ఎవరి ఊపిరీ వాళ్ల చేతుల్లో లేదు. అర్థమైందా? రెండు రోజులు గిర్నీ మెట్లు ఎక్కొద్దు."

"మరి బుడ్డోనికి గుండెపక్క?"

ఆవిడ రజిత వైపు చూసింది. రజిత కడిగిన చేతుల్ని మళ్లీ తొడల కింద పెట్టుకుంది.

6

బయట తేలికలో కూర్చున్నాను. ఒంటి మీద బరువు లేదు. ఛాతీ మీద ఉండాల్సిన బరువు కూడా లేదు. పిల్లవాడు పట్టుకున్న చోట చర్మం కందింది, చిన్న మచ్చ. దాన్ని తడుముకుంటూ కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు దురద అనుకుని ఉంటారు.

రజిత ఫోన్ చేసింది.

"మామా, వాడు ఆగిండు."

నేను లేచిన ఊపుకి తల పైకప్పుకి తగిలింది. "ఇప్పుడెట్లున్నడు? చెప్పు, చెప్పు!"

"పెట్టె తట్టింది. లేవలే. మల్ల తట్టింది. సిస్టర్ ఉరికొచ్చి పాదం గిల్లితే తీసిండు. పెదవులు నీలం అయినయ్ మామా. నేను పక్కనే ఉన్న. పెట్టెకు చెయ్యి పెట్టే తొర్ర ఉంటది జూడు, దాని దాక పోయినయ్ నా చేతులు. లోపటికి పోలే. కన్నతల్లిని, కొడుకు పాదం గిల్లనీకి నాకు చేతులు రాలే."

 

"వస్త బిడ్డా. ఎల్లుండి వస్త. అప్పటిదాక వాని ముందు కూసుని నన్ను తిట్టు. నీ గొంతు ఇనపడాలె వానికి. నన్ను తిట్టేటప్పుడు నీ గొంతు మంచిగుంటది."

ఫోన్ పెట్టెయ్యకుండానే, పెట్టెకి దగ్గరగా జరిగినట్టుంది, మొదలుపెట్టింది. "ఇగో బుడ్డోడా, మీ తాత ఉన్నడు జూడు, సమ్మిగాడు, వాడంత ఎదవ..."

చాలాసేపు తిట్టింది. చిన్నప్పుడు తన జడకి నట్టుబోల్టు కట్టిన సంగతి, వాళ్లమ్మ పప్పులో నేను నీలం రంగు కలిపిన సంగతి, అన్నీ గుర్తున్నాయి దానికి. ఒక్కటీ కల్పించలేదు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.

7

మళ్లీ లోపలికి రానిచ్చారు. తలుపు దగ్గర సిస్టర్ నా జేబులు, చొక్కా మడతలు, చివరికి చెవుల వెనక కూడా వెతికింది.

బుడ్డోడు చిక్కాడు. టోపీ వదులైంది. డాక్టర్ రజితనీ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. ఇలాగే ఆగుతూ ఉంటే ఊపిరి మిషన్ పెట్టాలి. ఆ మిషన్ పెడితే బతికిస్తుంది గానీ అంత లేత ఊపిరితిత్తులకి దెబ్బ. ఎన్నాళ్లు దాని మీద ఉంటాడో, తర్వాత తనంతట తాను తీస్తాడో లేదో చెప్పలేనంది. వాడు గుండెపక్క మీద ఉన్నప్పుడు దాదాపు ఆగడం లేదు. కాబట్టి ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిది.

"అమ్మా, మీ మావయ్య ఒక్కడే ఎంతసేపని?" అంది రజితతో, మెల్లగా.

"నేను ముట్ట మేడం," అంది రజిత. మొండితనం కాదు అది. నేలకేసి చూస్తూ, నిజం చెప్పినట్టు చెప్పింది.

"ఎంతసేపైనా ఉంట," అన్నాను నేను.

ఉన్నాను. సిస్టర్ లెమ్మంటే, వాడు నిద్రలో ఉన్నాడు, కదిలిస్తే లేస్తాడన్నాను. తినమంటే తిన్నానన్నాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే వేళ్లు కదుపుతూ కూర్చున్నాను. మెడ వెనక చెమట పట్టింది. గిర్నీ అన్నాక చెమట పట్టదా?

వాడు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. నా చెమటే అమ్మ వాసన అనుకుంటున్నట్టున్నాడు. పెద్దయ్యాక ఈ సంగతి తెలిస్తే కేసు పెడతాడు.

ఇంక రాయను. పలక బరువుగా ఉంది.

8

ఇది తేలికలో మంచం మీద పడుకుని రాస్తున్నాను. చేతికి సెలైన్, ఛాతీకి తీగలు. నున్నగా గొరగడం కలిసొచ్చింది, తీగలు బాగా అతుక్కున్నాయి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇప్పటికే ఇది సొరంగమంతా తిరిగి, తిరిగిన ప్రతిచోటా ఒక కొమ్ము మొలిచింది.

కూర్చుని ఉండగానే ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టైంది. చూపు అంచులు నల్లబడ్డాయి. పడిపోతానని తెలిసింది. ముందుకు ఒరిగితే వాడు నా కింద. సిస్టర్ అటు చివర వేరే పిల్లకి సూది వేస్తోంది. పిలుద్దామంటే అంత దూరం వినపడేలా గొంతు రాలేదు. పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంది. కట్టు విప్పాను, వాణ్ణి రెండు చేతుల్లోకి తీసుకుని లేచి నిలబడ్డాను. పెట్టెలో పెట్టేసి పడిపోదామని నా ఆలోచన. లేవడమే తప్పు. ఒక్క అడుగు పడింది, రెండోది పడలేదు.

రజిత కుర్చీ పక్కనే ఉంది.

"రజితా," అన్నాను. "పట్టుకో."

నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం దాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. కళ్లు తేలేయడం, తూలడం, గుండె పట్టుకుని పడిపోవడం, ఇవన్నీ వందసార్లు చేసి చూపించినవాణ్ణి.

"ఏం ఏషాలు మామా ఇవి?" అంది. మొహం ఎర్రగా అయిపోయింది. "వానితోని గూడనా? సిగ్గులేదా నీకు? ఇటియ్యి వాణ్ణి!"

తొడల కింద నుంచి చేతులు బయటికొచ్చాయి. పట్టీలు కిర్రుమంటుండగా కుర్చీలోంచి ముందుకి వంగింది. ఇప్పుడు రాయబోయేది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. భూమ్మీద పుట్టి, చేతులకి భూమి తెలుసనిపించుకున్న సమ్మయ్య ఏం చేశాడంటే, పిల్లవాణ్ణి ఆ పిల్ల ముందు కాస్త పైకి లేపి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

మర్యాదగా. గాల్లో.

ముప్పై ఏళ్ల అలవాటు. తల పనిచేయనప్పుడు చేతులు వాటికి తెలిసిందే చేశాయి.

వాడు పడలేదు. రజిత రెండు చేతులూ వాడి కింద ఉన్నాయి. ఎలా వచ్చాయో, ఎప్పుడు వచ్చాయో చూడలేదు నేను. చూసింది ఒక్కటే, వాడి టోపీ ఆ పిల్ల గడ్డానికి తగలడం. అప్పటికి నేను మోకాళ్ల మీద ఉన్నాను. తర్వాత నేల చల్లగా చెంపకి తగిలింది.

"సిస్టర్! సిస్టర్! మామ ఏషం ఎయ్యట్లే! నిజంగనే పడ్డడు!" ఆ కేక గిర్నీ అంతా మోగింది. ఆ కేకకి బుడ్డోడు కూడా లేచి ఏడ్చాడు. పుట్టిన తర్వాత మొదటిసారి గట్టిగా, గొంతెత్తి. నేల మీద పడి ఉండి నేను విన్న ఆఖరి చప్పుడు అదే. అంత కంటే మంచి చప్పుడు వింటూ పడిపోయినవాడు ఇంకొకడు ఉండడు.

9

సిస్టర్ ఫిలోమిన వచ్చి మంచం పక్కన కూర్చుంది. నాతో మెత్తగా మాట్లాడుతుంటే భయమేసి, "నేను పోతున్ననా?" అని అడిగాను.

"మీలాంటివాళ్లు అంత తొందరగా పోరండీ. కానీ గిర్నీ ఇక ఎక్కొద్దు. డాక్టర్ గారు గట్టిగా చెప్పమన్నారు. ఆ బరువు మీ గుండె మొయ్యలేదు."

"మొన్నటిదాక మోసింది గద."

"మోసింది. అందుకే ఇలా అయ్యింది." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నిజం చెప్పండి. కావాలనే వదిలారా? అమ్మాయి చేత పట్టించాలని? బయట అందరూ అదే అంటున్నారు. సమ్మయ్య వేసిన వేషాల్లోకెల్లా ఇదే పెద్దదట."

అవునని ఒక్క మాట అంటే చాలు. చచ్చేదాకా నా పేరు చెప్పుకుంటారు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నేను పట్టించానంటే ఆ పిల్ల పట్టుకున్నట్టు కాదు.

"లేదు సిస్టర్. నా చేతులు ఇడిసినయ్. దాని చేతులు పట్టుకున్నయ్. గంతే."

"అదే మాట రజిత కూడా అంటోందండీ. మామ ఇడిసిండు, నేను పట్టుకున్న అని, వార్డులోకి అడుగు పెట్టిన ప్రతివాళ్లకీ చెప్తోంది. పంతులు గారికైతే రెండుసార్లు చెప్పింది."

"వాడెట్లున్నడు?"

"ఆ పూట నుంచి ఆగలేదు. మిషన్ మాట డాక్టర్ గారు ఎత్తడం లేదు. గుండెపక్క మీద నుంచి దింపుదామంటే వాళ్లమ్మ ఒప్పుకోవట్లేదు. నిన్న బరువు చూడాలన్నా బతిమాలాల్సి వచ్చింది. నా చెయ్యి తన చేతికి తగిలిందా లేదా అని మూడుసార్లు అడిగి గానీ వదల్లేదు."

10

ధ్రువం నుంచి ఓదేలు బండి బయలుదేరిందట. పొద్దు పొడుస్తోంది.

నన్ను చక్రాల కుర్చీలో గిర్నీ నడిమధ్య గది దాకా తీసుకుపోయారు. నడిమధ్యలో గిర్నీ బరువుండదు, బయటి తేలికే, గుండెకి ఇబ్బంది లేదు. అక్కడి నుంచి చూస్తే వార్డు కిటికీలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ మన ముందు నుంచి పోతాయి. రజిత కిటికీ ఏదో సిస్టర్ గుర్తు చెప్పింది.

వచ్చింది. వాలుకుర్చీలో రజిత. మెడ కింద ఊలు టోపీ. పోయింది.

మళ్లీ వచ్చేలోపు నేను కనురెప్పలు తిరగేసి, నాలుక బయటపెట్టి సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల చూసింది. నోరు పెద్దగా తెరిచి ఏదో అంది. అద్దం అడ్డం, వినపడలేదు. పెదాలు చూస్తే అర్థమైంది. అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

మళ్లీ వచ్చింది. ఈసారి రెండు చెవులూ లాగి, బుగ్గలు ఉబ్బించి, కోతి మొహం పెట్టాను. చిన్నప్పుడు ఈ మొహం పెడితే చేతిలో ఏది ఉంటే అది నా మీదికి విసిరేది. గ్లాసులు, చెప్పులు, ఒకసారి ఉడికిన గుడ్డు. ఏమీ లేకపోతే చెంప మీద కొడతానన్నట్టు చెయ్యెత్తి చూపించేది.

కిటికీ నా ముందు నుంచి మెల్లగా పోతోంది. రజిత పళ్లు కొరికింది, కళ్లురిమింది, గడ్డంతో బెదిరించింది.

చెయ్యి మాత్రం ఎత్తలేదు. రెండూ ఖాళీ లేవు.